బీఎస్సీ ప్రయోగశాలలో పోర్ఫిరిన్: ఫ్లాస్కులో మిగిలే తారుకు మార్కులు వేయాలా?

ఊదాస్ఫటికం · మల్లేశ్వరం

సభ్యులందరికీ నమస్కారం. నేను బెంగళూరులోని ఒక డిగ్రీ కళాశాలలో పదకొండేళ్ళుగా సేంద్రియ రసాయన శాస్త్రం బోధిస్తున్నాను. ఏటా చేయించే ఎసిటనిలైడ్ నైట్రేషన్‌కు బదులుగా, ఈసారి మూడో సంవత్సరం విద్యార్థుల చేత టెట్రాఫినైల్ పోర్ఫిరిన్ (నాలుగు పైరోల్‌లు వలయంగా కూడిన ఊదారంగు పదార్థం) తయారు చేయించాను. ప్రయోగం బాగానే సాగింది. కానీ మనం మార్కులు వేసే పద్ధతి మీద నాకు ఆ రోజు నుంచి ఒక సందేహం పట్టుకుంది.

చేసిన పని ఇది. ఫ్యూమ్ హుడ్‌లో 15 మిల్లీలీటర్ల ప్రొపియోనిక్ ఆమ్లాన్ని మరిగిస్తూ, అందులో 0.41 మి.లీ. బెంజాల్డిహైడ్, 0.28 మి.లీ. పైరోల్ వేసి, గాలి తగిలేలా అరగంట రిఫ్లక్స్ చేశాము (అంటే ఆవిరి చల్లబడి తిరిగి ఫ్లాస్కులోకే పడేలా మరిగించాము). రెండూ నాలుగేసి మిల్లీమోల్‌లు. నాలుగు పైరోల్ అణువులూ నాలుగు ఆల్డిహైడ్ అణువులూ కలిసి ఒక్క వలయం అవుతాయి కనుక, లెక్క ప్రకారం 1 మిల్లీమోల్, అంటే 614 మిల్లీగ్రాముల పోర్ఫిరిన్ రావాలి. చల్లార్చి వడగట్టి, మిథనాల్‌తోనూ వేడి నీళ్ళతోనూ కడిగితే, ఫిల్టర్ కాగితం మీద ఊదారంగు స్ఫటికాలు తళుక్కుమన్నాయి. పిల్లలు ఫోన్లు తీసి ఫోటోలు తీసుకున్నారు. ఎసిటనిలైడ్‌కు ఎవరూ ఎప్పుడూ ఫోటో తీయలేదు.

ఎనిమిది జట్లలో ఆరు జట్లకు 90 నుంచి 130 మిల్లీగ్రాముల దాకా వచ్చింది. ఒక జట్టుకు 40 వచ్చింది. ఎనిమిదో జట్టు రికార్డులో 380 మిల్లీగ్రాములు, 62 శాతం అని రాసి ఉంది. వాళ్ళ సీసా నేనే తూచాను. 110 మిల్లీగ్రాములే ఉంది. ఎందుకలా రాశావని అడిగితే ఆ అబ్బాయి తల వంచుకుని, "పద్దెనిమిది శాతం అని రాస్తే ప్రయోగం చెడగొట్టినట్టు కనిపిస్తుంది కదా మేడమ్" అన్నాడు. మా మార్కుల పట్టికలో ఇరవై ఐదింటికి పది మార్కులు దిగుబడికే ఉన్నాయి. ఆ పట్టికను చూసి నాకు ఆ అబ్బాయి మీద కోపం రాలేదు.

అదే రోజు, మదనపల్లె నుంచి వచ్చి చదువుకుంటున్న ఒక అమ్మాయి, వడపోతలో కిందికి దిగిన నల్లటి ద్రవాన్ని పట్టుకుని, "మిగతా ఎనభై శాతం ఏమైపోయింది మేడమ్?" అని అడిగింది. "పాలిమర్ అయింది" అన్నాను. అది సమాధానం కాదని నాకు తెలుసు. తారులాంటి ఆ నల్లటి ద్రవం గురించి తరగతిలో ఏం చెప్పాలో, దానికి మార్కులు ఎలా వేయాలో అనుభవజ్ఞులు తెలియజేయగలరు.

పాతబ్యూరెట్టు · జయనగర్

అమ్మా, ముప్పై మూడేళ్ళు ప్రాక్టికల్స్ చేయించి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. మీరు అడిగిన ప్రశ్న నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే అడిగి ఉండవలసింది.

మీరు వాడిన పద్ధతి 1967లో ఏడ్లర్, లాంగో బృందం ప్రచురించినదే. వాళ్ళు 3 లీటర్ల ప్రొపియోనిక్ ఆమ్లంలో 0.8 మోల్‌ల పైరోల్‌నూ అంతే బెంజాల్డిహైడ్‌నూ అరగంట మరిగించి దాదాపు 25 గ్రాముల స్ఫటికాలు తీశారు. సిద్ధాంతం ప్రకారం రావలసినది 123 గ్రాములు. అంటే ఆ పద్ధతిని కనిపెట్టినవాళ్ళకే వచ్చింది 20 శాతం. దాన్ని దాచుకోకుండా అచ్చువేశారు కనుకనే ప్రపంచమంతా ఆ పద్ధతిని వాడుకుంది. అంతకుముందు 1935లో రోథెమండ్ మొదలుపెట్టిన పద్ధతిలో ఆల్డిహైడ్‌నూ పైరోల్‌నూ పిరిడీన్‌లో కలిపి, మూసిన గొట్టంలో గంటల తరబడి వేడిచేస్తే, చేతికి వచ్చేది అత్యల్పం. ఆ లెక్కన మీ ఆరు జట్లూ మొదటి తరగతిలో ఉత్తీర్ణులైనట్టే.

తప్పు మనం ఎంచుకున్న పాత ప్రయోగాలలో ఉంది. ఎస్టర్ జలవిశ్లేషణ, ఎసిటైలేషన్, నైట్రేషన్ వంటి వాటిలో ప్రధాన ఉత్పన్నం ఒక్కటే, అది ఇట్టే స్ఫటికమవుతుంది. మూడేళ్ళపాటు అవే చేసిన విద్యార్థికి, పుస్తకంలో బాణం గుర్తుకు ఎడమవైపు ఉన్నదంతా కుడివైపుకు వెళ్ళిపోతుందన్న నమ్మకం స్థిరపడుతుంది. అలాంటివాడికి 18 శాతం వస్తే చర్యను అనుమానించడు, తన చేతినే అనుమానిస్తాడు. ఆ తరవాత అంకెను దిద్దుతాడు.

నా సలహా ఒక్కటే. దిగుబడికి ఉన్న పది మార్కులనూ తీసివేసి, వేసిన పైరోల్ ఎక్కడెక్కడికి చేరిందో తూకాలతో రాసే ఒక పేజీకి ఇవ్వండి. స్ఫటికాలు ఎంత, మిథనాల్ కడుగునీటిలో ఎంత, తల్లిద్రావణాన్ని (స్ఫటికాలు వడగట్టాక మిగిలిన ద్రవాన్ని) ఇగర్చితే అడుగున మిగిలినది ఎంత, లెక్కకు అందనిది ఎంత అన్నది ఆ పేజీలో ఉండాలి. అందనిది ఉన్నదని ఒప్పుకున్నవాడికి పూర్తి మార్కులు వేయండి.

మూడుగంటలబెల్లు · హోసకోటె

ఇద్దరూ పెద్దలే కనుక మర్యాదగానే విభేదిస్తున్నాను. మా కళాశాలలో ఒక్కో బ్యాచికి అరవై మంది, ఉన్న ఫ్యూమ్ హుడ్‌లు రెండు, అందులో పనిచేసేది ఒకటి. ప్రొపియోనిక్ ఆమ్లం వాసన ఒకసారి పట్టుకుంటే ఆ అంతస్తులో మరో తరగతి జరగదు. పైరోల్ గాలి తగిలితే నల్లబడుతుంది కనుక ప్రతిసారీ 130 డిగ్రీల దగ్గర స్వేదనం చేసి తాజాగా వాడాలి. మాకున్నది మూడు గంటల పీరియడ్. తారు తూకం, ఇగర్చడం, కాలమ్ నడపడం (మిశ్రమాన్ని సిలికా గొట్టం గుండా పంపి వేరుచేయడం) వంటివి ఎమ్మెస్సీకి వదిలేయడమే న్యాయమని నా అభిప్రాయం. ఆదర్శం వేరు, అరవై మంది పిల్లల భద్రత వేరు.

నాలుగుపైరోల్‌లు · యశ్వంతపురం

మేడమ్ గారికీ మాస్టారికీ నమస్కారాలు. నేను పోర్ఫిరిన్‌ల మీదే పీహెచ్‌డీ చేస్తున్నాను. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న నా పరిశోధనకు ప్రారంభబిందువు కనుక కొంచెం విస్తారంగా రాస్తున్నాను.

ఫ్లాస్కులో జరిగేది వరసగా చూద్దాము. ఆమ్లంలో బెంజాల్డిహైడ్ ఆక్సిజన్ ప్రోటాన్‌ను పట్టుకుంటే దాని కార్బన్ ఎలక్ట్రాన్‌ల కోసం ఎదురుచూస్తుంది. పైరోల్‌లో నైట్రోజన్‌కు పక్కనున్న ఆల్ఫా కార్బన్ దాని మీద దాడి చేస్తుంది. నీరు పోయాక ఏర్పడిన ధనాత్మక అయాన్ మీద రెండో పైరోల్ దాడి చేస్తుంది. ఇలా రెండు, మూడు, నాలుగు పైరోల్‌ల గొలుసు పెరుగుతుంది. నాలుగు దగ్గర ఒక విశేషం ఉంది: గొలుసు రెండు కొసలూ ఒకదానికొకటి దగ్గరగా వస్తాయి. అక్కడ ముడిపడితే పోర్ఫిరినోజెన్ అనే రంగులేని వలయం ఏర్పడుతుంది. ముడిపడకపోతే ఐదు, ఆరు, ఏడు అంటూ గొలుసు సాగిపోతుంది. ఈ మెట్లు ఆమ్లంలో వెనక్కీ నడవగలవు. గొలుసు తెగి మళ్ళీ కలిసి, మళ్ళీ తెగుతుంది. ఈలోగా గాలిలోని ఆక్సిజన్ వచ్చి, వలయం నుంచి ఆరు హైడ్రోజన్‌లను తీసేసి దాన్ని పోర్ఫిరిన్‌గా స్థిరపరుస్తుంది. గొలుసులనూ అలాగే ఆక్సీకరించి, ఇక వెనక్కి రాలేని నల్లటి పదార్థంగా మారుస్తుంది. కనుక తారు అంటే వలయం కాలేకపోయిన గొలుసులు, అవి ఎంత పొడవుండగా ఆక్సీకరణ ముంచుకొచ్చిందో అంత పొడవులో ఆగిపోయినవి.

ఇది అర్థమైతే అమెరికా రసాయనవేత్త లిండ్సే 1980లలో ఏం చేశారో ఆటోమేటిక్‌గా అర్థమవుతుంది. ఆయన ఆ రెండు పనులనూ విడదీశారు. ముందు డైక్లోరోమీథేన్‌లో, గది ఉష్ణోగ్రత దగ్గర, లీటరుకు ఒక మోల్‌లో నూరో వంతు గాఢతలో, కొద్దిపాటి ఆమ్ల ఉత్ప్రేరకంతో గొలుసులూ వలయాలూ సమతాస్థితికి చేరేదాకా ఆగారు. ఆ తరవాతనే డీడీక్యూ వంటి ఆక్సీకారిణిని వేశారు. దిగుబడి తరచుగా 30 నుంచి 40 శాతం దాకా పెరిగింది. పలుచగా ఉంటే గొలుసు కొసకు పక్క గొలుసు కన్నా తన రెండో కొసే ముందు దొరుకుతుంది. మీ ప్రయోగంలో గాఢత దీనికి ఇరవై ఏడు రెట్లు. అందుకే అంత తారు.

ఇక అసలు సంగతి. ఆ తారులో గొలుసులు మాత్రమే లేవు. 1994లో జపాన్‌లో ఫురుతా బృందం, పోలండ్‌లో లాటోస్-గ్రాజిన్‌స్కీ బృందం విడివిడిగా ఒకే అణువును బయటపెట్టాయి. నాలుగు పైరోల్‌లలో ఒకటి ఆల్ఫా స్థానంతో కాకుండా దాని పక్కనున్న బీటా స్థానంతో ముడిపడి, దాని నైట్రోజన్ వలయం లోపలికి కాకుండా బయటికి తిరిగి ఉంది. దాన్ని ఎన్-కన్ఫ్యూజ్డ్ పోర్ఫిరిన్ అంటున్నాము. అది వచ్చింది మామూలు పైరోల్, మామూలు ఆల్డిహైడ్ చర్యలోనే, దాదాపు 5 శాతంగా. రోథెమండ్ నాటి నుంచి అరవై ఏళ్ళపాటు ఎందరో ఇదే చర్యను చేసి, స్ఫటికాలు దాచుకుని, మిగతాది పారబోశారు. 1999 నాటికి లిండ్సే బృందం ఆమ్లాన్ని మార్చి దాన్నే సుమారు 40 శాతానికి తెచ్చింది.

దానికి ముందు రసాయనవేత్త వుడ్‌వర్డ్ కథ ఉంది. విటమిన్ బి12 కోసం చేస్తున్న పనిలో, అనుకోకుండా ఐదు పైరోల్‌ల వలయం నీలంగా బయటపడితే, ఆ నీలం రంగును బట్టే దానికి సఫైరిన్ అని పేరు పెట్టారు. 1966లో వెల్లడైన ఆ అణువే నేను పనిచేస్తున్న విస్తృత పోర్ఫిరిన్‌ల శాఖకు ఆది. మేడమ్ గారూ, ఆ అమ్మాయి చేతిలో ఉన్న నల్లటి ద్రవంలో నా పీహెచ్‌డీ లాంటివి ఇంకా ఎన్నో ఉండి ఉండవచ్చు. దాన్ని పారబోయవద్దని నా విన్నపం.

ఎమ్మెస్సీ_రెండోఏడు · విజయనగర్

అన్నయ్యా, ఒక చిన్న సందేహం. ఎసిటిక్ ఆమ్లం మా ల్యాబ్‌లో ఎప్పుడూ ఉంటుంది. వాసన కూడా ఇంతకన్నా నయమే. ప్రొపియోనిక్ ఆమ్లమే ఎందుకు?

నాలుగుపైరోల్‌లు · యశ్వంతపురం

తమ్ముడూ, ఎసిటిక్ ఆమ్లంలోనూ చర్య జరుగుతుంది. కానీ అది 118 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, ప్రొపియోనిక్ ఆమ్లం 141 దగ్గర. అంతకన్నా ముఖ్యమైన కారణం చల్లారినప్పుడు తెలుస్తుంది. ప్రొపియోనిక్ ఆమ్లంలో తారు కరిగే ఉండి, పోర్ఫిరిన్ ఒక్కటే స్ఫటికాలుగా బయటికి వస్తుంది. ఎసిటిక్ ఆమ్లంలో అంత శుభ్రంగా విడివడదు. ఏ ద్రావణిలో ఎక్కువ తయారవుతుందన్నది ఒక ప్రశ్న, దేనిలోంచి మన చేతికి వస్తుందన్నది ఇంకొక ప్రశ్న. పరీక్షలో మొదటిదే అడుగుతారు, ప్రయోగశాలలో రెండోదే అవసరపడుతుంది.

జిగణి_స్పెక్ట్రా · బొమ్మనహళ్ళి

నేను ఒక మందుల కంపెనీ విశ్లేషణ విభాగంలో పనిచేస్తాను. కొత్తగా చేరే డిగ్రీ విద్యార్థులకు శిక్షణ ఇచ్చేది నేనే. అందువల్ల ఈ చర్చలో వర్ణపటాల వైపు ఒక మాట చెప్పాలనిపించింది.

పోర్ఫిరిన్ దొరికిందనడానికి ఊదారంగు చాలదు, వర్ణపటం తీయవలసిందే. పిల్లలు తప్పకుండా చేసే పొరపాటు ఒకటుంది. ఒక మిల్లీగ్రామును పది మిల్లీలీటర్ల డైక్లోరోమీథేన్‌లో కరిగించి క్యువెట్‌లో పోస్తారు. 418 నానోమీటర్ల దగ్గర సోరే పట్టీ, అంటే పోర్ఫిరిన్ వెలుతురును అన్నిటికన్నా బలంగా పీల్చుకునే చోటు, కొండశిఖరంలా నిలవాలి. వీళ్ళకు అది బల్లపరుపుగా, పైన కత్తితో కోసినట్టు వస్తుంది. పరికరం చెడిపోయిందని చెబుతారు. పరికరం బాగానే ఉంటుంది. ఆ పట్టీ దగ్గర టెట్రాఫినైల్ పోర్ఫిరిన్ మోలార్ శోషణ గుణకం నాలుగు లక్షల పైచిలుకు. శోషణ 1 రావాలంటే లీటరుకు మిల్లీగ్రామున్నర కూడా ఉండకూడదు. వీళ్ళు పోసినది లీటరుకు వంద మిల్లీగ్రాములు. లెక్క వేస్తే శోషణ డెబ్బై దగ్గరకు వస్తుంది. అంటే ఆ తరంగదైర్ఘ్యంలో డిటెక్టర్‌కు వెలుతురే చేరదు. గాఢతతో పాటు శోషణ పెరుగుతుందన్న బియర్-లాంబర్ట్ నియమాన్ని రెండేళ్ళు బట్టీపట్టినవాళ్ళకు ఈ బల్లపరుపు శిఖరాన్ని చూపించి, ఎందుకో మీరే చెప్పండి అని అరగంట వదిలేస్తే, ఆ నియమం ఇక మరిచిపోరు. సోరే పట్టీకి ఒక ద్రావణం, 515, 550, 590, 647 దగ్గర వచ్చే నాలుగు బలహీనమైన క్యూ పట్టీలకు దాని కన్నా ఇరవై రెట్లు గాఢమైన మరొకటి, ఇలా రెండు చేయించండి.

ఆ తరవాత ఒక చుక్క ట్రైఫ్లోరోఎసిటిక్ ఆమ్లం వేస్తే ద్రావణం ఆకుపచ్చగా మారుతుంది, ట్రైఇథైల్ ఎమీన్ వేస్తే తిరిగి మామూలు రంగుకు వస్తుంది. లోపలి రెండు నైట్రోజన్‌లు ప్రోటాన్‌లను తీసుకుని వదిలిపెట్టడమే ఇది. జింక్ ఎసిటేట్‌తో కాసేపు వేడిచేస్తే నాలుగు క్యూ పట్టీలు ప్రధానంగా రెండవుతాయి. మధ్యలో రెండు హైడ్రోజన్‌లు ఉన్నప్పుడు లేని చతురస్ర సౌష్ఠవం, లోహం కూర్చోగానే వస్తుంది కనుక. గ్రూప్ థియరీని (సౌష్ఠవాల గణితాన్ని) బల్ల మీద పెట్టి చూపించినట్టు ఉంటుంది.

ఎన్ఎమ్ఆర్ (అయస్కాంత క్షేత్రంలో హైడ్రోజన్‌ల పరిసరాలను చూపే వర్ణపటం) దొరికే అవకాశం ఉంటే తప్పక చూపించండి. బయటి అంచునున్న బీటా హైడ్రోజన్‌లు ఎనిమిదీ 8.8 దగ్గర ఒకే శిఖరంగా వస్తాయి. లోపలి ఎన్-హెచ్ హైడ్రోజన్‌లు రెండూ సున్నాకు కుడివైపు, మైనస్ 2.8 దగ్గర కనిపిస్తాయి. ఒకే అణువులో బయటివి అటూ లోపలివి ఇటూ ఎందుకు జరిగాయని అడిగితే, పద్దెనిమిది ఎలక్ట్రాన్‌ల వలయప్రవాహం, హకెల్ నియమంలో (4n+2 ఎలక్ట్రాన్‌లు) n విలువ 4 కావడం, ఈ రెండూ విద్యార్థి నోటి నుంచే వస్తాయి. మైనస్ అంకె చూసి మొదట అందరూ రెఫరెన్సు తప్పు పెట్టామనుకుంటారు. ఆ అనుమానాన్ని వెంటనే తీర్చకండి.

గోంగూరపచ్చ · మారతహళ్ళి

నేను ఉన్నత పాఠశాలలో సైన్సు చెబుతాను. హోసకోటె మిత్రులు రాసిన ఇబ్బంది నాకు బాగా అర్థమైంది, ఎందుకంటే మా బడిలో ఫ్యూమ్ హుడ్ అన్నదే లేదు. అయినా పోర్ఫిరిన్ బంధువులను పరిచయం చేయడానికి పైరోల్ కొనవలసిన పనిలేదని చెప్పడానికి రాస్తున్నాను.

గోంగూర కడిగి బాణలిలో వేసిన కొద్ది నిమిషాలకే ఆ పచ్చదనం పోయి ముదురు ఖాకీరంగుకు తిరగడం మన ఇళ్ళలో అందరూ చూసినదే. తోటకూర అంత త్వరగా రంగు మారదు. అందులో చింతపండు పులుసు పోస్తే మారుతుంది. క్లోరోఫిల్ మధ్యలో కూర్చున్న మెగ్నీషియంను ఆమ్లంలోని ప్రోటాన్‌లు తరిమేసి, ఆ స్థానంలో రెండు హైడ్రోజన్‌లను నిలబెడతాయి. అలా వచ్చే ఫియోఫైటిన్ రంగే ఆ ఖాకీ. గోంగూరకు ఆ ఆమ్లం ఆకులోనే ఉంది. ఇందాక జిగణి వారు జింక్‌ను లోపలికి ఎక్కించారు, మన బాణలి మెగ్నీషియంను బయటికి దింపుతుంది. చర్య ఒకటే, దిశ వేరు.

మరొకటి. పాలకూరను నలిపి సర్జికల్ స్పిరిట్‌లో నానబెట్టి వడగట్టి, దొంగనోట్లు పట్టుకునే అతినీలలోహిత టార్చి కింద చీకట్లో చూపిస్తే, ఆకుపచ్చటి నీళ్ళు రక్తం రంగులో వెలుగుతాయి. గోధుమరంగు పెంకు ఉన్న కోడిగుడ్డును అదే టార్చి కింద పెడితే పెంకు ఎర్రగా మెరుస్తుంది, తెల్ల గుడ్డు అలా మెరవదు. ఆ పెంకులో ఉన్నది ప్రోటోపోర్ఫిరిన్, మన రక్తంలోని హీమ్‌లో ఇనుము తీసేస్తే మిగిలే అణువు. తొమ్మిదో తరగతి పిల్లలకు ఆ రోజు రాత్రి అన్నం తినేటప్పుడు గోంగూర, గుడ్డు, తమ రక్తం, ఈ మూడూ బంధువులుగా కనిపించాయని మరునాడు చెప్పారు.

పాతబ్యూరెట్టు · జయనగర్

బాగుంది, కానీ ఇది చూపించడమే తప్ప ప్రయోగం కాదు. మెరుపు చూసి పిల్లలు ఆశ్చర్యపోతారు; వాళ్ళు ఏమీ కొలవలేదు, ఏమీ వేరుచేయలేదు, దేనినీ ఊహించి తప్పుకాలేదు. డిగ్రీ ప్రాక్టికల్‌కు ఇది ప్రత్యామ్నాయం అంటే నేను ఒప్పుకోను.

గోంగూరపచ్చ · మారతహళ్ళి

మాస్టారూ, మీ మాట నిజమే; నేను సగమే రాశాను. మా పిల్లలు ఇలా చేస్తారు. తోటకూరను నాలుగు గిన్నెలుగా విడదీసి, ఒకదానిలో ఒట్టి నీళ్ళు, ఒకదానిలో చింతపండు రసం, ఒకదానిలో చిటికెడు వంటసోడా, మరొకదానిలో నిమ్మరసం వేసి, ముందుగా ఏ గిన్నె ఎప్పుడు రంగు మారుతుందో ఊహించి రాసుకుంటారు. తరవాత నిమిషానికొక ఆకు తీసి తెల్ల పళ్ళెంలో వరసగా అంటిస్తారు. సోడా గిన్నెలో రంగు పచ్చగానే నిలిచినా ఆకు చెదిరిపోయి ముద్దవుతుంది. అది ఎవరూ ఊహించలేదు. ఇక్కడ కొలత ఉంది, తప్పుకావడం కూడా ఉంది. స్ఫటికాలు లేవు, ఒప్పుకుంటాను.

పాతబ్యూరెట్టు · జయనగర్

అయితే నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. డిగ్రీ మొదటి ఏడాదిలో ఇదే పనిని స్పెక్ట్రోమీటర్ పెట్టి చేయిస్తే, మూడో ఏడాది పోర్ఫిరిన్ తయారీకి చక్కని పునాది అవుతుంది.

నాలుగుపైరోల్‌లు · యశ్వంతపురం

హుడ్‌లు లేని కళాశాలలకు కాగితం మీదనే చేయించగల ఒక అభ్యాసం కూడా ఉంది. తారు ఎందుకు వస్తుందో అర్థమైనవాళ్ళకు ఇది రెండో మెట్టు.

ఒకే ఆల్డిహైడ్‌కు బదులు రెండు రకాలు, వాటిని అ, ఆ అనుకుందాము, కలిపి వేస్తే ఎన్ని పోర్ఫిరిన్‌లు వస్తాయి? మొదట అందరూ ఐదు అంటారు. నాలుగు మూలల చతురస్రం గీసి చూస్తే ఆరు అని తేలుతుంది, ఎందుకంటే రెండు అలూ రెండు ఆలూ ఉన్నప్పుడు అవి పక్కపక్కనా ఉండవచ్చు, ఎదురెదురుగానూ ఉండవచ్చు. ఇప్పుడు మూడు పాళ్ళు అ, ఒక పాలు ఆ తీసుకుని, రెండింటికీ చురుకుదనం సమానమనుకుంటే, మనం సాధారణంగా కోరుకునే మూడు అలు ఒక ఆ ఉన్న వలయం 42 శాతమే వస్తుంది. నాలుగూ అలే ఉన్నది 32 శాతం దాకా ఉంటుంది, రెండేసి ఉన్నవి రెండూ కలిపి 21 శాతం, మిగతావి ఐదు శాతం. ఇది వలయంగా మారిన భాగంలో వాటాలు మాత్రమే. అది కూడా 20 శాతమే అయితే, మనకు కావలసిన అణువు మొత్తం మీద ఎనిమిది శాతం చుట్టూ ఉంటుంది. నా స్నేహితులు వారం రోజులు కాలమ్ పక్కన నిలబడేది ఈ ఎనిమిది శాతం కోసమే. ఇంటర్‌లో చదివిన ద్విపద విస్తరణ సేంద్రియ రసాయనంలో ఎందుకు అవసరమో విద్యార్థికి ఇంతకన్నా సూటిగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

దీని పక్కనే జీవకణాన్ని పెట్టి చూడండి. కణం ఎనిమిది అమినోలెవులినిక్ ఆమ్ల అణువుల నుంచి నాలుగు పోర్ఫోబిలినోజెన్‌లను, వాటి నుంచి ఒకే ఒక్క యూరోపోర్ఫిరినోజెన్ మూడో రకాన్ని చేస్తుంది. అదే పోర్ఫోబిలినోజెన్‌ను మనం పరీక్షనాళికలో ఆమ్లంతో వేడిచేస్తే నాలుగు రకాలూ 1:1:4:2 నిష్పత్తిలో కలగలిసి వస్తాయి. కణంలో ఒక ఎంజైమ్ నాలుగు పైరోల్‌లను తన మీదనే వరసగా కట్టి, గొలుసు నాలుగు దగ్గరే ఆపుతుంది. రెండో ఎంజైమ్ చివరి పైరోల్‌ను తిప్పి వలయం మూస్తుంది. మన ఫ్లాస్కులో ఐదో పైరోల్‌ను ఆపేవారు లేరు. ఈ హీమ్ దారి మీద మన బెంగళూరులోనే పెద్ద పని జరిగింది. మలేరియా పరాన్నజీవి ఎర్రరక్తకణంలో అంత హీమ్ మధ్య ఉంటూ కూడా తన హీమ్‌ను తానే తయారు చేసుకుంటుందని ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ)లో జి. పద్మనాభన్ బృందం చూపించింది. అదే సంస్థలో వి. కృష్ణన్ చాలాకాలం పోర్ఫిరిన్‌ల మీద పనిచేశారు. మల్లేశ్వరం నుంచి నడిచి వెళ్ళగల దూరంలో జరిగిన ఈ పని మన పిల్లల పాఠ్యపుస్తకాలలో ఒక్క వాక్యంగా కూడా లేకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

మూడుగంటలబెల్లు · హోసకోటె

ఆ కాగితం అభ్యాసం ఈ వారమే చేయించాను. అరవై మందిలో ఆరు అని మొదటే చెప్పినవాళ్ళు ఇద్దరు. మూడు వారాలుగా విడగొడితే, మొదటి వారం నేనే హుడ్‌లో అందరి ముందూ చర్య చేసి చూపించి, రెండో వారం పిల్లలు కాలమ్, మూడో వారం వర్ణపటాలు చేయవచ్చని ఇప్పుడు అనిపిస్తోంది. డైక్లోరోమీథేన్ వ్యర్థాన్ని మామూలు ద్రావణి వ్యర్థంతో కలపకుండా వేరే సీసాలో పోయించాలని నా తరఫున ఒక్క గట్టి షరతు.

ఊదాస్ఫటికం · మల్లేశ్వరం

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారు చెప్పినట్టు మా విభాగాధిపతితో మాట్లాడి, ఈ ఒక్క ప్రయోగానికి దిగుబడి మార్కులు తీయించాను. సులభంగా ఒప్పుకోలేదు. దిగుబడి లేకపోతే విద్యార్థి శ్రద్ధగా చేశాడని ఎలా తెలుస్తుందని అడిగారు. రికార్డులోని తూకాలూ సీసాలోని తూకాలూ సరిపోతే తెలుస్తుందని చెప్పాను. ఈ ఏడాదికి అనుమతించారు.

నిన్న రెండో బ్యాచి చేశారు. ఈసారి ఎనిమిది జట్లూ 80 నుంచి 125 మిల్లీగ్రాముల మధ్య రాశాయి, ఎనిమిది సీసాలూ ఆ మేరకే తూగాయి. 62 శాతం రాసిన అబ్బాయి తనంత తానుగా వచ్చి, పాత రికార్డు పేజీని కొట్టివేసి 110 అని రాసి, పక్కన సంతకం చేసి వెళ్ళాడు. ఆ పేజీకి నేను పూర్తి మార్కులు వేశాను.

మదనపల్లె అమ్మాయి తల్లిద్రావణాన్ని దాచుకున్నది. ప్రొపియోనిక్ ఆమ్లాన్ని ఇగర్చి, మిగిలినదాన్ని చిన్న సిలికా కాలమ్ మీద నడిపింది. నలుపు చాలావరకు పైనే అతుక్కుపోయింది, ముందుగా ఊదారంగు పట్టీ దిగింది. దాని వెనుక, టీఎల్‌సీ (పలుచని సిలికా పలక) మీద కూడా వేరుగా కనిపించేంతగా, ఆకుపచ్చ కలిసిన ఒక సన్నటి పట్టీ వచ్చింది. సీసా అడుగున రెండు మిల్లీగ్రాములు కూడా ఉండదు. మా స్పెక్ట్రోమీటర్ 700 నానోమీటర్లు దాటితే నమ్మదగినది కాదు. అదేమై ఉంటుంది తమ్ముడూ?

నాలుగుపైరోల్‌లు · యశ్వంతపురం

మేడమ్ గారూ, రెండు అవకాశాలు ఉన్నాయి. ఎక్కువ అవకాశం క్లోరిన్‌కే. మూలకమైన క్లోరిన్ కాదు, ఒక పైరోల్ వలయంలో రెండు హైడ్రోజన్‌లు అదనంగా మిగిలిపోయిన పోర్ఫిరిన్. ఏడ్లర్ పద్ధతిలో అది కొద్దిగా రావడం మామూలే. అలాగైతే 650 దగ్గరి పట్టీ పక్కవాటి కన్నా బాగా ఎత్తుగా కనిపిస్తుంది, కొంచెం డీడీక్యూ వేసి వేడిచేస్తే అది తగ్గి మామూలు పోర్ఫిరిన్ వర్ణపటం వస్తుంది. రెండోది ఎన్-కన్ఫ్యూజ్డ్ పోర్ఫిరిన్. అదైతే డైక్లోరోమీథేన్‌లో సోరే పట్టీ 438 దగ్గరకు జరిగి, 724 దగ్గర ఒక పట్టీ ఉంటుంది. డీడీక్యూకు అలా మామూలు పోర్ఫిరిన్‌గా మారదు. మీరు వాడిన పరిస్థితులలో అది రావడం అరుదు కనుక ఆ అమ్మాయికి ఇప్పుడే ఆశ పెట్టవద్దు. అయితే ఏది ఎక్కడ కనిపించాలో తనే ముందుగా ఒక కాగితం మీద రాసుకుని రమ్మనండి.

సీసాకు రేకు చుట్టి, వెలుతురు తగలకుండా తీసుకురండి. శనివారం ఉదయం పది గంటలకు మా స్పెక్ట్రోమీటర్ ఖాళీగా ఉంటుంది, మా గైడు గారి అనుమతి తీసుకున్నాను. యశ్వంతపురం వైపు గేటు దగ్గర నిలబడతాను.

ఊదాస్ఫటికం · మల్లేశ్వరం

ఇద్దరమూ వస్తాము. కాగితం అప్పుడే రాసేసింది. 650 దగ్గర ఒక గీత, 724 దగ్గర ఒక గీత గీసి, రెండింటి పక్కనా ప్రశ్నార్థకం పెట్టింది.